అమ్మ గదికి పరదాలు

ఛత్రినాక, 3 మార్చి 1977

చిన్నమ్మా,

డాక్టరు అమ్మను ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఇంక ఎక్కువ రోజులు లేవు, అందుకే ఈరోజే రాస్తున్నాను.

ఆమె వచ్చేలోగా గదిని అందంగా చేద్దామనుకున్నాను. జుమ్మేరాత్ బజార్లో పాత చిలుక పంజరం కొని, రంగు వేసి, లోపల బల్బు వేలాడదీశాను. విరిగిన కుర్చీని మందులు పెట్టే గూడుగా మార్చాను. పరదాలకు బట్ట కొనలేక, అమ్మ పెట్టె అడుగున ఉన్న పాత పట్టుచీర కత్తిరించి కుట్టాను.

"గది పెండ్లిల్లు లెక్క మెరుస్తున్నది బిడ్డా," అంది అమ్మ ఇంటికి రాగానే. చూపు ఆనక చీరను గుర్తుపట్టలేదు.

కాసేపటికి నన్ను దగ్గరికి పిలిచింది. "నా పెట్టెల పెండ్లి చీరె ఉన్నది. నేను పోయిననాడు అదే కప్పుండ్రి. గందుకే గిన్నేండ్లు దాసుకున్న."

"ధోబీకి వేసినమ్మా," అన్నాను.

"పిచ్చిదానా, దాన్నెందుకు ఏసినవే? జల్ది తెచ్చిపెట్టు."

మీ అక్కాచెల్లెళ్ల పెళ్లిళ్లు ఒకే పందిట్లో, ఒకేలాంటి చీరల్లో జరిగాయని అమ్మ చెప్పేది. నీ చీరనూ నువ్వు అందుకే దాచుకున్నావని తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

ఇస్తావో లేదో పదో తారీఖులోపు ఎవరితోనైనా రాయించు.

నీ సుగుణ