గొర్రెల థాంక్యూ

సాయంత్రం గొర్రెలను ఇంటికి మళ్లిస్తూ లోకనాథ్ ఫోన్‌లో వినే ఇంగ్లీషు పాఠంలో చెప్పినట్టే నాలుక పళ్ల మధ్య పెట్టి, గాలి వదులుతూ "థాంక్యూ" అనేవాడు.

"గొర్రెలకు ఇంగ్లీషు యాల మామా?" అని భార్య హేమావతి పకపకా నవ్వేది.

అతనికి కుప్పం హోటల్లో ఉద్యోగం దొరికింది. అతను వెళ్లిన రోజే మంద ఆమె చేతికొచ్చింది. వాన కమ్ముకొస్తోంది. "బా, బా" అని ఎంత పిలిచినా ఒక్క గొర్రె తలెత్తలేదు. మామూలుగా "థాంక్యూ" అంది. ఊహూఁ.

చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నాలుక పళ్ల మధ్య పెట్టి గాలి వదిలింది. మందంతా ఇంటిదారి పట్టింది.

ఇల్లు చేరగానే ఫోన్ చేసింది. "ఇంకో మాట నేర్పించు మామా."

"యాల? గొర్రెలు రాలేదా?"

"అవి వచ్చినాయిలే. నువ్వు రావాలంటే ఏం పలకాల?"