గొడుగుల కౌంటర్ దగ్గర

ఊరి నడిబొడ్డున నలభై ఏళ్లుగా ఉన్న నాలుగంతస్తుల స్టోరు ఆ రోజుతో మూతపడుతోంది. రిటైరైన టీచరమ్మ వచ్చి ఓనరు చేతులు పట్టుకుని బావురుమంది.

"మా ఆయన నన్ను మొదటిసారి చూసింది మీ గొడుగుల కౌంటర్ దగ్గరే నాయనా! మా అబ్బాయి నడక నేర్చింది మీ మెట్ల మీదే. ఎండాకాలాలన్నీ మీ ఏసీలోనే గడిపాం."

ఓనరు ఆవిణ్ణి ఆ కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లాడు. మంచి గొడుగొకటి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"గుర్తుగా ఉంచుకోండమ్మా. డబ్బులొద్దు."

టీచరమ్మ అలవాటుకొద్దీ రేటు చీటీ తిప్పి చూసింది. ఏడుపు టక్కున ఆగిపోయింది.

"అమ్మో, ఇంతా! వెనక వీధిలో సగానికే ఇస్తాడు. మేం మొదట్నుంచీ అన్నీ అక్కడే కొంటాం."

గొడుగు చంకలో పెట్టుకుని మళ్లీ కళ్లొత్తుకుంది.

"అవునూ, నిక్షేపంలాంటి షాపు, ఎందుకు మూసేస్తున్నట్టు నాయనా?"