తడి బూట్లు

నడుం దాకా వచ్చే రబ్బరు బూటు అది. ముసలాయన దాని లోపలికి చెయ్యి పెట్టి తడిమాడు.

"తడిగా ఉంది."

"ఇంట్లో కడిగాను, ఆరలేదు," అన్నాడు హాల్వర్.

అబద్ధం. మొన్ననే సరిహద్దు దాటి వెళ్ళి అక్కడి ఏట్లో దిగొచ్చాడు.

"అయితే ముంచుదాం. ఇరవై నిమిషాలు."

వంతెన పక్కన రేకుల షెడ్డు, అందులో మందునీళ్ళ తొట్టి. తడితో చేపల్ని చంపే పురుగు వస్తుందని, వేరే ఏట్లో తడిసింది బూటైనా గాలమైనా, ఆ తొట్టిలో మునగందే ఈ ఏట్లో దిగకూడదు. చేపలు పట్టే సీజను ఉన్నన్నాళ్ళూ ఇదే కట్టడి.

సీజను మొదలయ్యేదే ఆ రోజు. జూన్ ఒకటి. వంతెన కింద మడుగులో సాల్మన్ చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. మంచి చోట్లన్నీ ఒక్కొక్కటే నిండిపోతున్నాయి.

"మా తాత పట్టాడు ఈ ఏట్లో చేపలు," అన్నాడు హాల్వర్. "నువ్వెక్కణ్ణించి ఊడిపడ్డావ్ పెద్దాయనా?"

"పక్క లోయ నుంచి."

"ఓహో. మీ ఏట్లో చేపల్లేవుగా. అందుకని మా ఏటికి కాపలాకొచ్చావా?"

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నలుగురు నవ్వితే హాల్వర్ ఇక ఆగే రకం కాదు.

"నీ రూల్సు జర్మనీ నుంచొచ్చేవాళ్ళకి చెప్పుకో. ఊరివాళ్ళకి కాదు."

"పురుగుకి ఊరూ పేరూ ఉండవు బాబూ. ఇటివ్వు."

రూల్సు పరాయివాడికే అనుకునే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఊరు చెడేదీ వాళ్ళ వల్లే.

హాల్వర్ బూట్లు లాక్కుని, తొడుక్కుని, గట్టు దిగాడు. ముసలాయన కుంటుకుంటూ వెనకే వచ్చి నీటి అంచున చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

"ఇరవై నిమిషాలే. నీకు పుణ్యముంటుంది."

హాల్వర్ భుజంతో ఒక్క తోపు తోశాడు. ముసలాయన నీళ్ళల్లో చతికిలబడ్డాడు. గట్టు మీద ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. చెయ్యందించినవాడు ఒక్కడూ లేడు.

ఆ పూట హాల్వర్‌కి ఐదు కిలోల చేప పడింది. మనిషికి రోజుకి ఒకటే అని కట్టడి. దాన్ని మాత్రం పాటించి గాలం చుట్టేశాడు.

మధ్యాహ్నం చేప సంచితోనే ఏటి సంఘం ఆఫీసుకి వెళ్ళాడు. అధ్యక్షురాలు తూరిద్ కాఫీ తాగుతోంది.

"ఆ తొట్టి దగ్గర ముసలాణ్ణి తీసెయ్యి తూరిద్. మనుషుల మీద పడుతున్నాడు."

"తనే మానేశాడు."

"పీడా పోయింది."

ఆమె ఒక కాగితం అతని వైపు జరిపింది.

'ఇవాళ ఒక జత బూట్లు మందులో మునగకుండా ఏట్లో దిగాయి. ఆపలేకపోయాను. ఈ పనికి నేను తగను.'

కింద సంతకం. హాల్వర్ పేరు ఎక్కడా లేదు.

"ఎవరివని అడిగాను," అంది తూరిద్. "ఆ మనిషినే చెప్పుకోనివ్వండి అన్నాడు. అంతకుముందు ఏ ఏట్లో దిగాడో ఆ మనిషి చెబితే, ఇవాళే పిల్ల చేపల్ని పరీక్షకి పంపిస్తాం."

హాల్వర్ కాగితాన్ని వెనక్కి నెట్టాడు.

"ఒక్క జతకే కొంప మునుగుతుందా?"

"పక్క లోయలో మునిగింది ఒక్క జతకే. ఏడేళ్ళయింది. కంటికి కనపడని పురుగు పిల్ల చేపల్ని తినేసింది. ఆఖరికి ఆ పురుగుని చంపడానికి ఏటికే విషం పెట్టాల్సొచ్చింది. చచ్చిన చేపల్ని ట్రాక్టర్లతో ఎత్తారు."

హాల్వర్ సంచిని కుర్చీ కిందికి నెట్టాడు.

"పట్టుకున్నారా వాణ్ణి?"

"ఎవరు పట్టుకుంటారు? బూటుకి పేరు రాసుంటుందా? ఊరంతా ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటుంటే తనే సభలో లేచాడు. 'ఆ బూట్లు నావి, ఇరవై నిమిషాలు ఆగలేకపోయాను' అన్నాడు. ఆ రోజు నుంచి వాళ్ళ ఊళ్ళో పలకరించే దిక్కు లేదు ఆయనకి."

హాల్వర్ తల ఎత్తలేదు. తన బూట్ల కింద నేల మీద నీళ్ళు మడుగు కడుతున్నాయి.

"ఇప్పుడెక్కడున్నాడు వాడు?" అన్నాడు, మెల్లిగా.

తూరిద్ ఫోన్ తీసి, పొద్దున గట్టు మీద ఎవరో తీసిన ఫొటోని అతని ముందు పెట్టింది.

"నువ్వు తోస్తే లేచి, ఆ తడిబట్టల్తోనే బస్సెక్కి వెళ్ళిపోయాడు."