నోరు మూసిన మొక్క

"సాయంత్రం దాకా చూస్తాను. ఒక్క మొక్కయినా చూపించు. లేకపోతే ఆ షెడ్డుకు తాళమే," అన్నాడు డైరెక్టరు.

"ఇంకొక్క వారం, సార్."

"ఆరేళ్లుగా వారమే అడుగుతున్నావమ్మా!"

ఆమె షెడ్డుకు తిరిగొచ్చింది. ఆరువందల కుండీలు. నీళ్లు ఆపి మూడు రోజులు. ఒక్కో కుండీలో ఒక్కో రకం విత్తనం. ఏ రకానికీ రెండో గింజ లేదు.

వేరుకు తడి అందకపోతే మొక్కలో ఒక హార్మోను పుడుతుంది. ఆకుల మీది సన్నటి నోళ్లు మూయిస్తుంది, ఉన్న నీళ్లు ఆవిరి కాకుండా. కరువును తట్టుకునే పంట కోసం, ఆ కబురు అన్నిటికంటే ముందు వినే మొక్క ఆమెకు కావాలి. నోళ్లు మూసుకున్న ఆకు చెమట పట్టని ఒంటిలా వేడెక్కుతుంది. అందుకే ఆమె చేతిలో వేడిని చూపే కెమెరా ఉంది. చల్లటి ఆకు నీలం, వేడి ఆకు ఎరుపు.

నీలం. నీలం. మళ్లీ నీలం.

"పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఈ టీ అన్నా తాగు తల్లీ," అన్నాడు షెడ్డు చూసుకునే పెద్దాయన. కుండీలో పురుగు చేరినా, ఆకుకు మచ్చ వచ్చినా ముందు కనిపెట్టేది ఆయనే. "తెగులు కనబడితే నన్ను అడగొద్దు బాబాయ్, పీకి కాల్చెయ్," అని మొదటి రోజే చెప్పిందామె.

"వదిలెయ్ బాబాయ్. మనకు రాసిపెట్టి లేదు."

చివరి వరుస, చివరి కుండీ. తెర ఎర్రబడింది.

ఆమె కెమెరా అద్దం కొంగుతో తుడిచి మళ్లీ చూసింది. ఎరుపే. నేల మీద కూలబడింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏమైంది తల్లీ?" పెద్దాయన వంగి తెరలోకి చూశాడు.

ఆమె ఏడుస్తూనే ఆ కుండీ వైపు వేలు చూపించి, కెమెరా ఆయన చేతిలో పెట్టి, డైరెక్టరు గదికి పరుగెత్తింది.

ఫోనులో ఉన్న డైరెక్టరును లేవదీసి తీసుకొచ్చేసరికి పావుగంట పట్టింది. చివరి కుండీలో మట్టి మాత్రమే ఉంది. వెనక గుమ్మం అవతల, చెత్త కాల్చే డ్రమ్ములోంచి పొగ లేస్తోంది.

"ఏడవకు తల్లీ," అన్నాడు పెద్దాయన, కెమెరా ఆమెకు తిరిగిస్తూ. "నువ్వు చెప్పినట్టే పీకి కాల్చేశాను. జ్వరం ఆ ఒక్కదానికే. మిగతావన్నీ చల్లగా ఉన్నాయి."