తగ్గిన మెరుపులు

"నాన్నా, మళ్ళీ మెరుపులు."

నరసరావుపేటలో కళ్ళద్దాల కొట్టు ముందు బండి దిగుతూ అంది సాయిసాత్విక, ఎడమ కన్ను రుద్దుకుంటూ.

"రావా మరి? పొద్దస్తమానం ఫోన్లో తలకాయ పెడితే కంట్లో మెరుపులు కాక మల్లెపూలు పూస్తయ్యా?" అన్నాడు రాఘవ.

పిడుగురాళ్లలో ఆయనది సున్నం వ్యాపారం. కూతురు ఇంటర్ చదువుతోంది. చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి అద్దాలే. ఫోన్లోంచి వచ్చే నీలి వెలుతురే దాని కళ్ళు తినేస్తోందని ఆయన నమ్మకం. ఫోన్ లాక్కుని అప్పటికే బీరువాలో పెట్టాడు.

కొట్టు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలాయన తలెత్తాడు.

"అమ్మాయ్, కళ్ళు మూసుకున్నా కనపడతన్నయ్యా ఆ మెరుపులు?"

"అవును తాతా. నల్లగా నలకలు కూడా."

ముసలాయన లేచి రాఘవకు అడ్డంగా నిలబడ్డాడు.

"అద్దాలు కొనమాక బాబూ. ఇది ఫోన్ వెలుతురు పని కాదు. కంటి లోపల పొర చిరుగుతంది. ఇటునించి ఇటే గుంటూరు తీసకపో."

"ఏ ఆసుపత్రోళ్ళు కూర్చోబెట్టారయ్యా నిన్నిక్కడ?"

"ఎవరూ కాదు బాబూ."

"మరి నీకేం పట్టింది? పిల్లని బెదరగొట్టి ఆసుపత్రికి తోలే బేరమా? జరుగు పక్కకి."

లోపల కౌంటర్ దగ్గర్నుంచి కొట్టు నడిపే ఇర్ఫాన్ కేకేశాడు.

"మీరు రండి సార్. ఆయన వచ్చినోళ్ళందరితో అట్టాగే అంటాడు."

ముసలాయన జరగలేదు. సాత్విక చెయ్యి పట్టుకున్నాడు.

"మీ నాన్న ఇనకపోతే మీ అమ్మకు చెప్పు తల్లీ. రేపటిదాకా ఆగొద్దు."

రాఘవ ఆ చెయ్యి విదిలించాడు. ముసలాయన తూలి గోడ పట్టుకున్నాడు.

లోపల ఇర్ఫాన్ చిన్న నీలి పెన్ను లైటు వెలిగించాడు. మామూలు అద్దంలోంచి కాగితం మీద పడిన నీలిచుక్క, నీలి వెలుతురు ఆపే బ్లూ కట్ అద్దం అడ్డం పెట్టగానే మాయమైంది.

రాఘవ కళ్ళారా చూశాడు. ఆ అద్దాలకే ఆర్డరిచ్చాడు.

కొత్త అద్దాలు వచ్చిన కొన్నాళ్ళకు కూతుర్ని పిలిచాడు.

"మెరుపులు తగ్గినయ్యా?"

"తగ్గినయ్ నాన్నా."

"నే చెప్పలా? ఆ ముసలోడి మాట ఇనుంటే ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్ళం."

"మరి ఫోన్ ఇవ్వు నాన్నా. చదువుకోటానికే. నోట్సంతా గ్రూపులోనే పెడతన్నారు."

మురిసిపోయి బీరువా తెరిచాడు.

శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళారు. పొద్దు గూకుతుండగా కొండ కింద నిలబెట్టిన ఎత్తైన ప్రభలకు లైట్లు వేశారు. సాత్విక కుడి కంట్లో దుమ్ము పడింది. ఆ కన్ను చేత్తో మూసుకుని పైకి చూసింది.

"నాన్నా, ప్రభ సగమే ఉందేంది?"

ప్రభ నిలువెల్లా వెలుగుతోంది.

రాఘవ అటునించి అటే కూతుర్ని గుంటూరు తీసుకెళ్ళాడు.

"ఎడమ కంట్లో రెటీనా పొర ఊడిపోయింది," అన్నాడు గుంటూరు డాక్టరు. "మెరుపులు మొదలైనప్పుడే వస్తే లేజర్‌తో సరిపోయుండేదేమో."

"ఫోన్ వెలుతురు వల్లేనా డాక్టరు గారూ?"

"కాదు. ఇంత మైనస్ పవరున్న కళ్ళల్లో ఆ పొర పల్చబడి చిరుగుతుంది."

"మరి మెరుపులు తగ్గినయ్ అందే!"

సాత్విక నేల చూపులు చూసింది.

"తగ్గలా నాన్నా. తగ్గలేదంటే నువ్వు ఫోన్ ఇయ్యవుగా."

ఆపరేషన్ చేశారు. ఎడమ కంటికి చూపు రాలేదు. కుడి కన్నుకూ భరోసా ఇవ్వలేమన్నారు.

రాఘవ ఒక్కడే నరసరావుపేట వెళ్ళాడు. కొట్టు వాకిట్లో ఎవరూ లేరు.

"ఆ పెద్దాయనేడి?"

ఇర్ఫాన్ తుడుస్తున్న అద్దం కింద పెట్టాడు.

"పోయిన శుక్రవారం చనిపోయారు సార్."



"అసలెవరాయన? నా బిడ్డ కన్ను గురించి ఆయనకెందుకంత తపన?"

"మా నాన్న సార్," అన్నాడు ఇర్ఫాన్. "ఈ కొట్టు ఆయనదే. మెరుపులొస్తన్నయ్ అన్న మా చెల్లి రేష్మాకు తన చేత్తోనే ఈ బ్లూ కట్ అద్దాలు తొడిగాడు. దాని చూపు పోయినకాడి నుంచి ఒక్క జతా అమ్మనివ్వకపోతే, నేనే ఆయన్ని బయట కూర్చోబెట్టా."