కట్టుడు పళ్ళ తాత

షమితకు ఆఖరున రాసిన కోర్సే వచ్చింది.

మంగళూరులోని ఆ డెంటల్ కాలేజీలో, ఇష్టమైన కోర్సు ఎంచుకోమంటే అందరూ మొదట రాసేది నవ్వు తీర్చిదిద్దే కోర్సే. షమితా అదే రాసింది. మార్కులు చాలక, ఎవరూ కోరని కట్టుడు పళ్ళ కోర్సులో పడింది.

దానికో చిక్కుంది. పరీక్షనాడు నోటి అచ్చు తీయడానికి పళ్ళు లేని మనిషిని విద్యార్థే వెతికి తెచ్చుకోవాలి. మనిషి రాకపోతే పరీక్ష పోయినట్టే.

కోర్సు మార్చుకోవడానికి శుక్రవారం దాకా గడువు. షమిత కాలు ఒకచోట నిలవడం లేదు. ఆఫీసుకూ క్లినిక్‌కూ మధ్య తిరుగుతూనే ఉంది.

క్లినిక్‌లో రోగుల కోసం ఆమెకిచ్చిన కుర్చీలో మాత్రం లారెన్స్ లోబో అనే ముసలాయన పొద్దుటినుంచీ కుదురుగా కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. తనే వచ్చాడు.

"తాత మళ్ళీ దిగాడా?" అన్నాడు పక్క కుర్చీ దగ్గరున్న వినీత్. "ప్రతి బ్యాచ్ దగ్గరా ఒక సెట్టు చేయించుకుంటాడు. రేవులో సొరచేపలకు అమ్ముకుంటాడేమో."

షమితకు నవ్వు రాలేదు.

"పోయినేడు కట్టిన పళ్ళేవి తాతా?"

"ఇంట్లో ఉన్నాయమ్మా."

"మరి ఇప్పుడెందుకు?"

"నాకెందుకు? మీకొక నోరు కావాలి కదా."

అది ఆమెకు ఎగతాళిలా తోచింది. తను ఈ కోర్సులో ఉండటం లేదనీ, నిజంగా అవసరమున్నవాళ్ళకు కుర్చీ వదలమనీ చెప్పింది.

ఆయన నెమ్మదిగా లేచాడు.

"పరీక్షనాటికి నీకెవరైనా ఉన్నారా అమ్మా?"

"ఎవరో ఒకరు దొరుకుతారు. మీరు మాత్రం ఆ రోజు రాకండి."

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

కోర్సు మారడం కుదరలేదు. పక్కనున్న ఉల్లాలలో చేపలమ్మే, పళ్ళన్నీ ఊడిన దేవకిని బతిమాలి ఒప్పించుకుంది షమిత.

పరీక్షనాడు దేవకి రాలేదు. నాలుగు రోజుల ముసురు విడిచి ఆ ఉదయమే పడవలు ఒడ్డుకొచ్చాయట. చేపలు వదులుకుని ఎవరొస్తారు?

షమిత వరండాలోకి వెళ్ళింది. లోపలికి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

పరీక్ష పెడుతున్న డాక్టర్ హెగ్డే ఆమె ఖాళీ కుర్చీ చూశాడు. తర్వాత వరండాలోని బెంచీ వంక చూశాడు.

"లోబో గారు రాలేదేం?"

"ఆయనెందుకొస్తారు సార్?"

"పరీక్ష ఉన్న ప్రతిసారీ తెల్లారేసరికి ఆ బెంచీ మీద ఉంటారు. ఎవరి మనిషి రాకపోతే వాళ్ళ కుర్చీలోకి వెళ్ళి కూర్చుంటారు. ఇంతవరకు ఒక్కసారీ మానలేదు."



"నేనే రావద్దన్నాను సార్. ఎవరాయన?"



"పదకొండేళ్ళ కిందట మా దగ్గర జూలీ అని ఒకమ్మాయి చదివేది. రాని మనిషి కోసం సాయంత్రందాకా ఇదే హాల్లో నిలబడి, ఆ రాత్రి హాస్టల్‌కు తిరిగి వెళ్ళలేదు," అన్నాడు హెగ్డే. "ఆయన ఆ అమ్మాయి తండ్రి."