కొంగుముడిలో చీటీ

“నోరు తెరువమ్మా. ఒక్కసారి చూస్తాను.”

కోటేశ్వరి చేతిలోని మిరపకాయ జారిపోయింది.

ఎదురుగా గోతాలు కుట్టే కొత్తమనిషి వంగి నిలబడ్డాడు. ముఖానికి తువ్వాలు. కళ్ళు తప్ప ఏమీ కనిపించవు.

గుంటూరు శివార్లలో మిర్చి తొడిమలు తీసే షెడ్డు అది. ఘాటుకి అందరూ ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకునే కూర్చుంటారు. కానీ టీ తాగేటప్పుడైనా విప్పుతారు కదా! ఈయన టీ కూడా గోడవైపు తిరిగి తాగుతాడు. మాట ముద్దముద్దగా వస్తుంది. పొద్దున్నే మందు కొట్టి వస్తాడని ఆడవాళ్ళంతా తేల్చేశారు.

వారం రోజులుగా ఆయన చూపు కోటేశ్వరి ఎడమ బుగ్గ మీదా, బిళ్ళలు దాచుకునే కొంగుముడి మీదా.

ఆ బుగ్గ వాచి ఉంది. దవడపన్ను కింద చీముగడ్డ. ఏడాదిలో ఇది నాలుగోసారి. పన్ను బాగుచేయాలంటే పన్నెండు వేలవుతుందన్నారు. అంత డబ్బు ఆమె ఎప్పుడూ ఒక్కచోట చూడలేదు. అందుకే వాచినప్పుడల్లా ఆరెంపీ డాక్టరు దగ్గర బిళ్ళలు కొంటుంది. వాపు తగ్గగానే ఆపేసి, మిగిలినవి మళ్ళీ వాచినప్పుడు పనికొస్తాయని కొంగున ముడేసుకుంటుంది. అదొక పొదుపు!

“దూరం జరుగు” అంది వెనక్కి జరుగుతూ.

“ఆ బిళ్ళలు సగంలో ఆపమాకమ్మా. అది ఎముకలోకి...” అంటూ మడిచిన కాగితం ఒకటి ఆమె గంప మీద పెట్టాడు.

కోటేశ్వరి కెవ్వుమంది.

పక్కనున్న లక్ష్మీదుర్గ లేచింది. “ఏందయ్యో! ఆడమనిషికి కాగితాలిస్తున్నావా? మేస్త్రీ, ఇటు రా!”

మేస్త్రీ అంకమ్మరావు వచ్చాడు. ఏం జరిగిందని కూడా అడగలేదు.

“నీ కూలి తీసుకొని పో. మళ్ళీ ఈ గేటు తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా.”

ఆయన ఏదో చెప్పబోయాడు. ముద్దగా వచ్చిన ఆ మాటకి అందరూ నవ్వారు. సూదీ పురికొసా గోతాల మీద పెట్టి వెళ్ళిపోయాడు. గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, తన దవడ మీద చెయ్యి పెట్టి చూపించాడు.

కోటేశ్వరి ముఖం తిప్పుకుంది.

కాగితం మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. చదవడం రాదు. ఎవరి చేతనైనా చదివిద్దామంటే భయం. పారేస్తే ఎవరికి దొరుకుతుందోనని ఇంకా భయం. మొగుడు యలమంద చూశాడంటే? బిళ్ళల పక్కనే ముడేసేసింది.

నాలుగు రోజులు గడిచాయి. ఐదోనాడు తెల్లారేసరికి వాపు మెడలోకి దిగింది. నోట్లో వేలు కూడా పట్టనంతగా దవడ బిగుసుకుపోయింది. ఉమ్ము మింగుడు పడటం లేదు. ఊపిరి తీస్తుంటే గొంతులో ఏదో అడ్డం పడుతోంది. ఇక చచ్చిపోతాననే అనుకుంది.

యలమంద బిళ్ళల కోసం కొంగుముడి విప్పాడు. కాగితం జారిపడింది.

“ఏందే ఇది?”

కోటేశ్వరి కళ్ళు గట్టిగా మూసుకుంది. ప్రాణం కన్నా ముందు పరువు పోతుందని భయపడింది.

యలమంద కూడబలుక్కుంటూ చదివాడు. “పళ్ళ... ఆసుపత్రి. ఉచిత ఆపరేషను. బుధవారం పొద్దున తొమ్మిదింటికి. పేరు... కోటేశ్వరి.”

తలెత్తాడు. “ఇయ్యాల బుధవారమే గదే! చెప్పవేందే?”

ఆటోలో దారంతా ఆమె అతని చొక్కా వదల్లేదు.

మధ్యాహ్నానికి చీము తీశారు. పన్నూ తీశారు. నోటినిండా దూది. గొంతులోకి గాలి దిగుతోంది. బతికానని తెలిసి ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ మంచం పక్కకి వచ్చింది.

“ఇంకో రోజు ఆగితే ప్రాణం మీదికి వచ్చేది. నువ్వు బిళ్ళలు సగం సగం మింగుతున్నావని జక్రయ్య చెప్పాడులే.”

ఏ జక్రయ్య అన్నట్టు చూసింది కోటేశ్వరి.

“అదేనమ్మా, మీ షెడ్డులో గోతాలు కుట్టే ఆయన. ఆయనా నీలాగే బిళ్ళలతో నెట్టుకొచ్చాడు. చివరికి సగం దవడ తీసేయాల్సి వచ్చింది. అందుకే ఆ తువ్వాలు, ఆ ముద్దమాట.”

కోటేశ్వరి దుప్పటిని గుప్పిట్లో బిగించింది.

“మేము నెలకి ఒక్కరికే ఉచితంగా చేస్తాం. కొత్త దవడ కట్టించుకోవడానికి ఆయన రెండేళ్ళు ఎదురుచూశాడు. ఈ నెల ఆయన వంతు వచ్చింది.”

యలమంద తెచ్చిన చీటీని డాక్టరమ్మ మడిచి ఆమె చేతిలో పెట్టింది.

“‘నాది ఎట్టాగూ పోయింది, ఆమెది ఇంకా ఉంది’ అని తన పేరు కొట్టించి నీ పేరు రాయించాడు. ఆయనకి ఫోను కూడా లేదు. షెడ్డులో రోజూ కనిపిస్తాడుగా, వచ్చే నెల వంతు ఆయనకే ఉంచానని నువ్వే చెప్పమ్మా.”